బేసి సంవత్సరపు ఓటు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎన్నికల సంవత్సరమేదో తెలిసికొనుటకు పంచాంగముతో పనిలేదు. భాగహారము వచ్చిన చాలును. నాలుగుచేత నిశ్శేషముగా భాగింపబడు సంవత్సరమున దేశాధ్యక్షుని ఎన్నిక జరుగును. రెండుచేత భాగింపబడి నాలుగుచేత భాగింపబడని సంవత్సరమున, అనగా అధ్యక్షుని పదవీకాలము నడిమికి వచ్చినప్పుడు, ప్రతినిధి సభలోని 435 స్థానములకును సెనేటులో మూడవవంతు స్థానములకును మరల ఎన్నిక వచ్చును. ఇక మిగిలినవి బేసి సంవత్సరములు. ఆ యేట అమెరికా ఎన్నికలను గూర్చి విదేశ పత్రికలు పెద్ద అక్షరములతో వ్రాయవు. ఆ దేశపు ఓటర్లలోనే సగముకంటె ఎక్కువమంది ఆ దినమున ఇల్లు కదలరు. అయినను నవంబరు మాసమున మొదటి సోమవారము తరువాత వచ్చు మంగళవారమున, ఏ పాఠశాల వ్యాయామశాలలోనో, ఏ చర్చి వసారాలోనో పోలింగు బల్లలు వేయబడుచునే యుండును.

అక్కడి వాడుకలో వీనిని 'ఆఫ్ ఇయర్' ఎన్నికలందురు. పనిలేని యేడు, తీరిక యేడు అని దాని ధ్వని. పేరులోనే కొంత చిన్నచూపు కలదు. ఆ చిన్నచూపు ఎంతవరకు న్యాయమో, ఆ తీరిక యేళ్ళలో ఏమేమి నిర్ణయింపబడినవో చూడదగియున్నది. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ విషయము ఆసక్తికరము కావలయుననుటకు మరియొక కారణమును గలదు. ఈ కథలో ఉపాధ్యాయులు పలుమారులు రంగస్థలము మీదికి వత్తురు. ఎల్లప్పుడు ఒకే వేషములో మాత్రము కాదు.

వర్జీనియా, న్యూజెర్సీ రాష్ట్రములు అధ్యక్షుని ఎన్నిక జరిగిన మరుసటి యేట తమ గవర్నరులను ఎన్నుకొనును. కెంటకీ, మిసిసిపీ, లూయిసియానా రాష్ట్రములు అధ్యక్షుని ఎన్నికకు ముందటి యేట ఎన్నుకొనును. వీనితోపాటు అనేక నగరముల మేయరు పదవులు, పురపాలక సంఘములు, పాఠశాల బోర్డులు, కొన్నిచోట్ల న్యాయమూర్తుల పదవులు కూడ బేసి సంవత్సరముననే భర్తీ యగుచుండును. మనవంటి దేశములో న్యాయమూర్తిని ఓటువేసి ఎన్నుకొనుట వింతగా తోచును గాని, అది వేరే కథ.

ఈ ఏర్పాటు ఏ ఒక్కరి ఆలోచనయు కాదు. వర్జీనియాలో 1851 వరకు గవర్నరును శాసనసభయే నియమించుచుండెడిది. ఆ యేట వచ్చిన కొత్త రాజ్యాంగము ఆ హక్కును ప్రజల కిచ్చినది. ప్రజలనగా ఆనాటికి శ్వేతజాతి పురుషులు మాత్రమే. 1851 బేసి సంవత్సరము, పదవీకాలము నాలుగేండ్లు, బేసికి నాలుగు కలిపిన మరల బేసియే. అంతియే జరిగినది. న్యూయార్కు రాష్ట్రము మాత్రము తెలిసియే ఆ మార్గమును పట్టినది. 1894 నాటి దాని రాజ్యాంగము నగర ఎన్నికలను బేసి సంవత్సరములకు జరిపెను. నగరములో మురుగుకాలువలు, ట్రాములు, పోలీసులు ఎట్లుండవలయునో నిర్ణయించుటకు వెండి నాణెముల వివాదముతోను, దిగుమతి సుంకములతోను పనియేమి అని ఆనాటి సంస్కర్తల వాదము. న్యూజెర్సీ 1947లో కొత్త రాజ్యాంగమును వ్రాసికొని, గవర్నరు పదవీకాలమును మూడేండ్లనుండి నాలుగేండ్లకు పెంచినప్పుడు, ఆ నాలుగేండ్ల చక్రము అధ్యక్షుని చక్రముతో కలియకుండునట్లు 1949 నుండి ప్రారంభించినది. రాష్ట్ర వ్యవహారములను జాతీయ రాజకీయముల గాలి సోకని చోట ఆలోచింపవలయునని వారి యుద్దేశము.

వాదము చక్కనిదే. కాని గాలి సోకని గదిలో చెడ్డవాసన కూడ నిలిచిపోవుననుటకు వర్జీనియాయే సాక్ష్యము. 1902 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగము ఓటుహక్కునకు తలపన్ను విధించెను. సంవత్సరమునకు ఒకటిన్నర డాలరు. మూడు సంవత్సరముల బాకీ, ఎన్నికకు ఆరు మాసములు ముందుగా చెల్లింపవలయును. నీగ్రోలను, బీద శ్వేతజాతీయులను ఓటుకు దూరము చేయుటయే దాని యుద్దేశమనుట అందరికి తెలిసిన రహస్యము. 1926లో గవర్నరై, తరువాత 1933 నుండి 1965 వరకు సెనేటులో కూర్చున్న హారీ బర్డు నాయకత్వమున ఒక కూటమి దశాబ్దములపాటు ఆ రాష్ట్రమును తన పెరడువలె పాలించినది. ఓటర్ల సంఖ్య ఎంత తక్కువైన ఆ కూటమికి అంత క్షేమము. తలపన్ను ఒక తలుపు; అధ్యక్షుని ఎన్నికల సందడి లేని బేసి సంవత్సరము రెండవ తలుపు. 1964లో ఇరువదినాలుగవ రాజ్యాంగ సవరణ కేంద్ర ఎన్నికలలో తలపన్నును రద్దుచేసెను. 1966లో వర్జీనియా ఎన్నికల బోర్డుపై వచ్చిన హార్పరు వ్యాజ్యములో సుప్రీముకోర్టు దానిని రాష్ట్ర ఎన్నికలనుండియు తొలగించెను. బానిసల మనుమడైన డగ్లసు వైల్డరు అదే రాష్ట్రమునకు 1989లో, ఒక బేసి సంవత్సరముననే, గవర్నరుగా ఎన్నికయ్యెను. ఓటువేసి ఎన్నుకొనబడిన నీగ్రో గవర్నరు అమెరికా చరిత్రలో అతడే మొదటివాడు. పోలైన సుమారు పదునెనిమిది లక్షల ఓట్లలో అతని ఆధిక్యము ఏడువేలకు లోపు.

ఓటర్ల సంఖ్యనుగూర్చి మరికొంత చెప్పవలయును. 2020లో జరిగిన అధ్యక్షుని ఎన్నికలో అర్హులైనవారిలో నూటికి 66 మంది ఓటువేసిరి. వర్జీనియాలో 2015లో శాసనసభ్యుల ఎన్నిక జరిగినప్పుడు నమోదైన ఓటర్లలోనే నూటికి ముప్పదిమందియైనను రాలేదు. లాస్ ఏంజెలెస్ మహానగరమున 2013లో మేయరును ఎన్నుకొనుటకు వచ్చినవారు నూటికి 23 మంది. ఇది మరీ సిగ్గుచేటని అక్కడి పౌరులు 2015లో తమ పురశాసనమును సవరించి, నగర ఎన్నికను సరిసంవత్సరమునకు మార్చుకొనిరి. 2022లో మేయరు ఎన్నికకు నూటికి 44 మంది వచ్చిరి. ఒక్క తేదీ మారినంతమాత్రమున ఓటర్లు ఇంచుమించు రెండింతలైరి! న్యూయార్కు రాష్ట్రము కూడ 2023లో పలు జిల్లా, గ్రామ స్థాయి ఎన్నికలను సరిసంవత్సరములకు మార్చుచు చట్టము చేసెను.

అయితే మిగిలిన 23 మందియు ఎవరు? ఇచ్చటనే ఉపాధ్యాయులు మొదటిసారి ప్రవేశింతురు. సారా ఆంజియా అను రాజనీతిశాస్త్రజ్ఞురాలు 2014లో ప్రకటించిన గ్రంథములో ఎన్నికల తేదీలకును ఫలితములకును గల సంబంధమును పరిశోధించిరి. సామాన్య ఓటరు ఇంటనుండిన దినమున సంఘటితులైనవారు తప్పక వత్తురు. పాఠశాల బోర్డుల ఎన్నికలలో అట్టి సంఘటితులు ఉపాధ్యాయ సంఘములవారే. బోర్డు ఎన్నిక విడిగా జరుగుచోట్ల అనుభవముగల ఉపాధ్యాయుల జీతములు, సాధారణ ఎన్నికతో కలిసి జరుగుచోట్లకంటె కొంత హెచ్చుగా ఉన్నవని ఆమె చూపిరి. జీతము పెరుగుట తప్పుకాదు. కాని జీతమిచ్చువారిని జీతము పుచ్చుకొనువారే ఎక్కువగా ఎన్నుకొనుచున్నప్పుడు, పన్ను చెల్లించువాడు నిదురపోయెనా, నిదురపుచ్చబడెనా అను ప్రశ్న రాక మానదు. ఉపాధ్యాయ పాఠకులకు ఈ మాట రుచింపకపోవచ్చును. రెండవ ప్రవేశము వారికి ఎక్కువ ప్రీతికరముగా ఉండును.

2018వ సంవత్సరము మార్చి నెలలో కెంటకీ రాష్ట్ర శాసనసభ ఉపాధ్యాయుల పింఛనులను తగ్గించు బిల్లు నొకదానిని ఆమోదించెను. ఆమోదించిన తీరు వినదగినది. సభముందు అప్పటికే మురుగునీటి పారుదలకు సంబంధించిన బిల్లొకటి ఉన్నది. దానిలోని మురుగునీటిని పారబోసి, ఆ పాత్రలోనే పింఛనుల విషయము నింపి, 291 పుటలు గల ఆ కొత్త బిల్లును కొన్ని గంటలలో రెండు సభలలోను దాటించిరి. మరునాడు ఇరువదికి పైగా జిల్లాలలో ఉపాధ్యాయులు అనారోగ్య సెలవు పెట్టగా బడులు మూతపడినవి. ఏప్రిలు నెలలో వేలకొలది ఉపాధ్యాయులు రాజధాని ఫ్రాంక్‌ఫర్టుకు తరలివచ్చిరి. అప్పటి గవర్నరు మాట్ బెవిన్, రిపబ్లికను పక్షమువాడు, నోటిని అదుపులో పెట్టుకొనుట యెరుగనివాడు. ఉపాధ్యాయులు బడులు మూయించినందున ఇంట ఒంటరిగా మిగిలిన పిల్లలలో ఎవరో ఒకరు ఆ దినమున అత్యాచారమునకు గురియై యుందురని అతడు పత్రికలవారితో అనెను. రెండు దినములలో క్షమాపణ చెప్పుకొనెను. కాని అన్నమాట అన్నదే.

ఆ చట్టమును రాష్ట్ర అటార్నీ జనరలు ఆండీ బషీరు న్యాయస్థానములో ఎదిరించెను. బిల్లును మూడు దినములలో మూడుమారులు చదువవలయునను రాజ్యాంగ నియమము ఉల్లంఘింపబడినదని కెంటకీ సుప్రీముకోర్టు 2018 డిసెంబరులో ఏకగ్రీవముగా దానిని కొట్టివేసెను. మరుసటి యేడు, బేసి సంవత్సరము, బషీరు డెమోక్రటిక్ పక్షమున గవర్నరు పదవికి పోటీచేయుచు, తనతో ఉపగవర్నరు అభ్యర్థిగా జాక్విలిన్ కోల్మను అను ఉపాధ్యాయినిని నిలిపెను. కెంటకీ రిపబ్లికనులకు పెట్టని కోట. 2016లో డొనాల్డు ట్రంపు అక్కడ సుమారు 30 శాతము ఆధిక్యముతో గెలిచియుండెను. ఎన్నికకు ముందటి రాత్రి ఆయన స్వయముగా లెక్సింగ్టను నగరమునకు వచ్చి బెవిన్ పక్షమున ప్రసంగించెను. అయినను మరునాడు బషీరు 5 వేల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచెను. ఇందులో గమనింపవలసిన దొక్కటున్నది. అదే దినమున, అదే ఓటుపత్రముపై ఎన్నిక జరిగిన మిగిలిన ఐదు రాష్ట్ర పదవులను రిపబ్లికనులే గెలుచుకొనిరి. ఓటరు పక్షమును మార్చుకొనలేదు. ఒక్క మనిషిని మాత్రము ఇంటికి పంపెను. అధ్యక్షుని ఎన్నికతో కలిసి వచ్చియుండిన, ఆ హోరులో ఇంత సన్నని విచక్షణకు తావు దొరకియుండునా అని సందేహము.

పదవి చేపట్టిన దినముననే బషీరు రాష్ట్ర విద్యాబోర్డును పునర్నిర్మించెను. రెండు దినముల తరువాత, హింసాయుతములు కాని నేరములకు శిక్షను పూర్తిచేసికొనిన లక్షా నలుబదివేలకు పైగా జనులకు ఓటుహక్కును తిరిగి ఇచ్చుచు ఉత్తరువు చేసెను. ఐదువేల ఓట్లు లక్షా నలుబదివేల ఓట్లను పుట్టించినవన్నమాట.

ఇంతకంటె సన్ననిది వర్జీనియాలో జరిగినది. 2017 నవంబరులో ఆ రాష్ట్ర ప్రతినిధి సభలోని 100 స్థానములకు ఎన్నిక జరుగగా, అప్పటివరకు 34 స్థానములు మాత్రమే ఉన్న డెమోక్రాటులు 49 చోట్ల గెలిచిరి. రిపబ్లికనులకు 50 వచ్చెను. మిగిలినది న్యూపోర్ట్ న్యూస్ పట్టణములోని తొంబదినాలుగవ నియోజకవర్గ మొక్కటి. మొదటి లెక్కలో రిపబ్లికను అభ్యర్థి డేవిడ్ యాన్సీ 10 ఓట్లు ఎక్కువ తెచ్చుకొనెను. డిసెంబరులో మరల లెక్కింపగా షెల్లీ సైమండ్సు అను డెమోక్రాటు ఒక్క ఓటు ఆధిక్యముతో గెలిచినట్లు తేలెను. మరునాడు ముగ్గురు న్యాయమూర్తులు వివాదగ్రస్తమైన ఒక ఓటుపత్రమును పరీక్షించిరి. ఆ ఓటరు ఇద్దరి పేర్ల యెదుటను గుర్తుపెట్టి, సైమండ్సు గుర్తుమీద ఒక గీత గీసియుండెను. అది యాన్సీ ఓటే యని వారు తీర్మానించిరి. ఇద్దరికిని చెరి 11,608 ఓట్లు!

చట్టప్రకారము చీటీ తీయవలయును. 2018 జనవరి 4న రిచ్మండు నగరములో, ఇద్దరి పేర్లను ఫోటో ఫిలిము డబ్బీలలో పెట్టి, ఒక పింగాణి గిన్నెలో వేసి తీసిరి. యాన్సీ పేరు వచ్చెను. సభలో రిపబ్లికనుల బలము 51 అయి, అధికారము వారిచేత నిలిచెను. బాల్యమున మనము గోళీల ఆటలో తేల్చుకొను పద్ధతికిని, ఒక రాష్ట్ర శాసనసభ అధికారము తేలిన పద్ధతికిని భేదము గిన్నె మాత్రమే. ఆ నియోజకవర్గములో ఆ దినమున జలుబు చేసినదనియో, వంట ఆలస్యమైనదనియో ఇంటనుండిపోయిన ఓటరు ఒక్కడు వచ్చియుండిన ఆ గిన్నెతో పనియే ఉండెడిది కాదు.

అయితే అసలు ఫలితము గిన్నెలోనుండి రాలేదు. బీదవారికి ప్రభుత్వ వ్యయముతో వైద్యమందించు మెడికెయిడ్ పథకమును విస్తరించుటకు అంతకుముందు గవర్నరుగానుండిన టెర్రీ మెకాలిఫ్ నాలుగేండ్లు ప్రయత్నించి శాసనసభచేత ఒప్పింపలేకపోయెను. 2017 ఎన్నికలో తమ పక్షపు స్థానములు పదునైదు కొట్టుకొనిపోవుటను చూచిన పిదప, మిగిలిన రిపబ్లికనులలో పలువురికి పునరాలోచన కలిగెను. 2018 జూనులో విస్తరణ చట్టమయ్యెను. 2019 జనవరి 1 నుండి సుమారు నాలుగులక్షలమందికి ఆ వైద్యము పొందు అర్హత లభించెను. అధికారము చేతులు మారకయే విధానము మారినది. చక్కెర వ్యాధికి మందు కొనలేని కూలివానికి ఆ గిన్నెలో ఎవరి పేరు వచ్చినదో అక్కరలేదు. ఆ నవంబరులో ఎవరెవరు ఓటువేసిరో అదియే అతనికి కావలసినది.

2019లో అదే సైమండ్సు అదే యాన్సీని ఓడించిరి. ఆ యేట వర్జీనియా ఉభయసభలును డెమోక్రాటుల వశమైనవి. 2021 మార్చిలో ఆ రాష్ట్రము మరణశిక్షను రద్దుచేసెను. దక్షిణాది రాష్ట్రములలో అట్లు చేసినది అదియే మొదటిది.

2019లో ఆ సెనేటునకు కొత్తగా ఎన్నికైనవారిలో ఘజాలా హాష్మీ అను విదుషీమణి ఒకరు. ఆమె 1964లో మన హైదరాబాదులో జన్మించి, నాలుగేండ్ల ప్రాయమున కుటుంబముతో జార్జియా రాష్ట్రమునకు వెళ్ళిరి. అమెరికను సాహిత్యములో పరిశోధనచేసి డాక్టరు పట్టము పొంది, సుమారు ముప్పదియేండ్లు కళాశాలలలో సాహిత్యమును బోధించిరి. అంతకుముందు ఆమె ఏ పదవికిని పోటీచేసినవారు కారు. బేసి సంవత్సరమున చిన్న ఎన్నికయే గదా యని పార్టీ పెద్దలు ఉపేక్షించు చోట్లనే ఇట్టి క్రొత్తవారికి ద్వారములు తెరచుకొనును. 2025 నవంబరులో ఆమె వర్జీనియా ఉపగవర్నరుగా ఎన్నికైరి. ఆ పదవిలోనివారు నలుబదిమంది సభ్యులుగల సెనేటునకు అధ్యక్షత వహించి, ఓట్లు సమానమైనప్పుడు తమ ఓటుతో తేల్చెదరు. అమెరికాలో ఒక రాష్ట్రమంతయు ఓటువేసి ఎన్నుకొనిన ముస్లిము మహిళలలో ఆమెయే ప్రథములు. ప్రక్కనేయున్న మేరీలాండులో 2022లో, అది సరిసంవత్సరము, ఉపగవర్నరుగా ఎన్నికైన అరుణా మిల్లరు జన్మస్థలమును హైదరాబాదే యగుట ఒక విశేషము.

సాహిత్యపు పుటలో వ్రాయుచు 2021 నాటి వర్జీనియా ఎన్నికను విడిచిపెట్టుట న్యాయము కాదు. టోనీ మారిసను 1987లో ప్రకటించిన 'బిలవెడ్' అను నవలకు మరుసటి యేట పులిట్జరు బహుమానము వచ్చెను. బానిసత్వపు ఘోరములను వర్ణించిన ఆ నవలను ఉన్నత పాఠశాలలో తన కుమారునిచేత చదివించుట తగదని ఒక తల్లి ఉద్యమించిరి. అశ్లీల వర్ణనలుగల పాఠ్యములను గూర్చి తల్లిదండ్రులకు ముందుగా తెలుపవలయునను బిల్లు శాసనసభలో రెండుమారులు నెగ్గగా, రెండుమారులును గవర్నరు మెకాలిఫ్ దానిని నిరాకరించెను. 2021లో ఆయన మరల పోటీచేయుచు, బడులలో ఏమి బోధింపవలయునో తల్లిదండ్రులు నిర్దేశింపరాదను అర్థమువచ్చునట్లు ఒక చర్చలో మాటాడెను. ఆయన ప్రత్యర్థి గ్లెన్ యంగ్‌కిన్ ఆ మాటను రాష్ట్రమంతట చాటి, ఆ తల్లిని తన ప్రకటనలో మాటాడించి, సుమారు 63 వేల ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. పాఠ్యపుస్తకమెవరిది? ఉపాధ్యాయునిదా, తండ్రిదా, ప్రభుత్వముదా? ఈ ప్రశ్నపై ఒక రాష్ట్ర ప్రజలు ఓటువేయుట అరుదు. ఆ ప్రజలు చెప్పిన సమాధానము మనకు నచ్చకపోవచ్చును, నాకును నచ్చలేదు. ప్రశ్న మాత్రము బరువైనది.

ఇక ఈ ఎన్నికలను పంచాంగశ్రవణమువలె వినువారు కలరు. బేసియేటి ఫలితమును చూచి మరుసటి యేటి కాంగ్రెసునకు కందాయఫలములు చెప్పుదురు. కొన్నిమారులు ఫలించినవి. 1993లో వర్జీనియా, న్యూజెర్సీ రెండును రిపబ్లికనుల వశమయ్యెను. 1994లో వారికి ప్రతినిధి సభలో 54 స్థానములు పెరిగెను. 2009లోను అట్లే; 2010లో 63 స్థానములు. 2017లో రెండును డెమోక్రాటులకు దక్కెను. 2018లో వారికి సుమారు 40 స్థానములు పెరిగెను. కాని 2001లో రెండు రాష్ట్రములను డెమోక్రాటులు గెలిచినను 2002లో వారికి నష్టమే వచ్చెను. సెప్టెంబరు 11 నాటి దాడులు దేశపు మనసును మార్చియుండెను. యంగ్‌కిన్ విజయము చూచి 2022లో రిపబ్లికనుల ప్రభంజనము వీచునని చెప్పిరి; వచ్చినది పిల్లగాలి, 9 స్థానముల లాభము. 2023లో కెంటకీలో బషీరు రెండవమారు గెలిచెను, వర్జీనియా ఉభయసభలు డెమోక్రాటుల కొచ్చెను. మరుసటి యేట అధ్యక్షుడుగా ట్రంపు ఎన్నికయ్యెను. బేసియేట వచ్చు ఓటరును సరియేట వచ్చు ఓటరును ఒక్కడు కాడు. మొదటివాడు నిత్యము పత్రిక చదువువాడు, రెండవవాడు తిరునాళ్ళకు వచ్చువాడు. ఒకని నాడిపట్టి మరియొకని జ్వరమును చెప్పుట సాహసమే.

అయినను ఒక సూత్రము గట్టిగా నిలిచినది. 1977 నుండి 2009 వరకు తొమ్మిది ఎన్నికలలో తొమ్మిదిమారులును వర్జీనియా ప్రజలు దేశాధ్యక్షుని పక్షమునకు వ్యతిరేకియైనవానినే గవర్నరుగా ఎన్నుకొనిరి. 2013లో ఒక్కమారు తప్పి, తరువాత మూడుమారులు మరల అట్లే చేసిరి. 2025లో డెమోక్రాటు అభ్యర్థిని అబిగెయిల్ స్పాన్‌బర్గరు సుమారు 15 శాతము ఆధిక్యముతో గెలిచి, ఆ రాష్ట్రమునకు మొదటి మహిళా గవర్నరుగా ఎన్నికైరి. ఆనాటికి కేంద్ర ప్రభుత్వ కార్యాలయములు నెలకు పైగా మూతపడి, ఉత్తర వర్జీనియాలోని ఉద్యోగులు జీతములు లేక ఉండిరి. అదే దినమున జార్జియాలో విద్యుత్తు ధరలను నిర్ణయించు సంఘమునకు ఎన్నిక జరుగగా, ఎన్నడును పత్రికలకెక్కని ఆ రెండు స్థానములను డెమోక్రాటులు విశేష ఆధిక్యముతో గెలిచిరి. కరెంటు బిల్లుకు మించిన ప్రచారపత్రము లేదు గదా.

ఇట్టి ఎన్నికలు మనకును కొత్తవి కావు. 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదములో ఒక్క ఓటు తేడాతో పడిపోగా, 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రము ఒంటరిగా ఎన్నికలకు వెళ్ళెను. దేశములో మరెక్కడను సందడి లేనందున దేశమంతయు ఇటే చూచినది. 1952లో ఈ ప్రాంతమున నలుబదికి పైగా స్థానములు గెలిచిన కమ్యూనిస్టులు అధికారమునకు వత్తురా యనుట ప్రశ్న. ఆ జనవరిలోనే మాస్కోనుండి వెలువడు 'ప్రావ్దా' పత్రిక నెహ్రూ విదేశాంగనీతిని మెచ్చుకొనుచు సంపాదకీయము వ్రాసెను. కాంగ్రెసువారు దానిని అచ్చువేసి ఊరూర పంచిరి. కమ్యూనిస్టులకు పోలైన ఓట్లలో నూటికి 31 వచ్చినను, 196 స్థానములలో 15 మాత్రమే దక్కెను. ఒంటరి ఎన్నికమీద బయటివారి దృష్టియు, బయటినుండి వచ్చు గాలియు ఎంత బలముగా పడునో ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు తోచదు.

విడివిడిగా ఓటువేయుటకును ఒక్కమారే వేయుటకును గల భేదమును రెండు తెలుగు రాష్ట్రములును చూపినవి. తెలంగాణలో శాసనసభను ముందుగా రద్దుచేయగా 2018 డిసెంబరులో ఎన్నిక జరిగెను. తెలంగాణ రాష్ట్ర సమితికి 119లో 88 స్థానములు వచ్చినవి, భారతీయ జనతా పార్టీకి ఒక్కటి. సుమారు నాలుగు నెలలకు జరిగిన లోకసభ ఎన్నికలో అదే ఓటర్లు 17 స్థానములలో మొదటి పార్టీకి 9, రెండవదానికి 4, కాంగ్రెసునకు 3 ఇచ్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో అదే 2019లో రెండు ఓట్లును ఒక్కనాడే వేయగా, ఒకే పార్టీకి శాసనసభలో 175కి 151, లోకసభలో 25కి 22 వచ్చినవి. 2024లో మరల ఒక్కనాడే వేయగా, ఈసారి ఎదుటి కూటమికి 164, 21. ఒకచోట ఓటరు రెండు ప్రశ్నలకు రెండు సమాధానములు వ్రాసెను. రెండవచోట రెండింటికిని ఒకే సమాధానము వ్రాసెను. ఎన్నికల ఖర్చు, నియమావళిపేర నిలిచిపోవు పనులు, బడులు విడిచి పోలింగు విధులకు పోవలసిన ఉపాధ్యాయులు, ఇవన్నియు కలిపి జరుపుటకు అనుకూలమైన వాదములు. తేలికగా త్రోసివేయదగినవి కావు. అయినను రెండు సమాధానములు వ్రాయు అవకాశము విలువను ఆ లెక్కలో ఎవరును వేయుట లేదు.

ఎన్నికలన్నిటిని ఒక్కమారే జరుపుటకై నూట ఇరువదితొమ్మిదవ రాజ్యాంగ సవరణ బిల్లు 2024 డిసెంబరులో లోకసభలో ప్రవేశపెట్టబడి, సంయుక్త పార్లమెంటరీ సంఘమునకు పంపబడినది. నడుమ రద్దయిన శాసనసభకు మరల ఎన్నిక జరిగినను, ఆ కొత్త సభ మిగిలిన కాలమునకు మాత్రమే ఉండవలయునని దానిలో కలదు. 1955 ఫిబ్రవరిలో ఎన్నికైన మన శాసనసభ్యులు, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, 1957లో తెలంగాణ ప్రాంతమునకు మాత్రమే ఎన్నిక జరుగుటచేత, 1962 వరకు ఏడేండ్లు సభలో కూర్చుండిరి. ఈ బిల్లు ఆనాడు చట్టమై యుండిన వారికి దక్కునది రెండేండ్లు.